ఇంజిన్ ఆగితే దిగేది మా పొలాల్లోనే, మంత్రి గారూ

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి నమస్కారం.

నేను నల్లగొండ జిల్లా పెద్దవూర మండలంలో వరి, పత్తి పండించే రైతును. 2022 ఫిబ్రవరి 26న మా మండలంలోని తుంగతుర్తి దగ్గర సెస్నా 152 అనే రెండు సీట్ల శిక్షణ విమానం కూలి, ఒంటరిగా నడుపుతున్న ట్రైనీ పైలట్ చనిపోయారు. దానికి ఇంజినే కారణమని నేను అనడం లేదు. కానీ ఆనాటి నుంచి చిన్న విమానం మా మీదుగా పోతుంటే, పని ఆపి దాని మోత వినపడినంతసేపూ అట్లాగే నిలబడిపోతాను.

ఇలాంటి విమానానికి ఉండేది ఒక్కటే ఇంజిన్. పెట్రోలులో నీళ్లు కలిసినా, ట్యాంకు ఖాళీ అయినా ఆగిపోతుంది. గాలిలో తేమ ఎక్కువుంటే పాతిక డిగ్రీల వేడిలో కూడా, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్‌లో మంచు పట్టి ఇంజిన్ ఆగగలదంటే నేను మొదట నమ్మలేదు. ఇంజిన్ ఆగగానే విమానం రాయిలా పడదు, జారుతూ దిగుతుంది. వెయ్యి అడుగుల ఎత్తు నుంచి దాదాపు రెండున్నర కిలోమీటర్లు, సుమారు నిమిషంన్నర. అంతలోనే చేను వెతుక్కోవాలి, వీలైతే గాలికి ఎదురు తిరగాలి, పెట్రోలు కట్టేయాలి, తలుపు గడియ తీసి పెట్టుకోవాలి.

పైనుంచి చదునుగా కనిపించేది మా వరి మడి. నాటేసిన మడిలో ముందు చక్రం దిగబడితే విమానం బోర్లా పడుతుంది. పత్తి కట్టె పీకేసిన ఎండు చేను నయం, కానీ మా చేను మీదుగా పదకొండు కేవీ లైను పోతుంది. మధ్యాహ్నం ఎండలో గట్టు మీద నిలబడి చూస్తే నాకే ఆ తీగ ఆనదు, స్తంభాలను బట్టి పోల్చుకుంటాను. పైనుంచి దిగే పిల్లలకు ఎట్లా కనపడుతుంది? శిక్షణ విమానాలు తిరిగే దారిలోని లైన్లకు రంగు బంతులు వేలాడదీయించండి. కరెంటు రాష్ట్రం చేతిలో ఉంది, నిజమే. మీరు అడిగితే కాదనరు.

రెండోది ఇంకా ముఖ్యం. విమానం దిగితే మొదట ఉరికేది మేమే. నోట్లో బీడీతోనే వచ్చేవాళ్లుంటారు, పక్కనే పెట్రోలు కారుతుంటుంది. ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో అని ఉంటుంది, దానికి బ్యాటరీతో పని లేదు. అందుకే ముందున్న పంకా ఆగి ఉన్నా, దాని రెక్కను చేత్తో తిప్పితే ఒక్కోసారి అది గిర్రున తిరిగి మనిషిని కొట్టగలదు. ఈ సంగతి మా ఊళ్లో ఎవరికీ తెలియదు. తీగ తెగిపడితే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి కరెంటు ఆపించాలనీ, పైలట్‌ను బయటికి తీశాక విరిగిన ముక్కలను దర్యాప్తు వాళ్లు వచ్చేదాకా కదిలించవద్దనీ ఎవరూ చెప్పలేదు. తెలుగులో ఒక్క పేజీ కాగితం చాలు. లైన్‌మన్లు, పోలీసులు, 108 వాళ్లతో పాటు మమ్మల్నీ కూర్చోబెట్టి ఒక పూట చెప్పించండి.

యాసంగి నాట్లు అయిపోయాక జనం కాస్త తీరికగా ఉంటారు. రైతు వేదికలో కుర్చీలున్నాయి. తేదీ చెప్పండి, మనుషులను నేను పోగేస్తాను.

ఇట్లు,
పెద్దవూర మండలం రైతు