ఫ్రిజ్‌ను పడుకోబెట్టి తెచ్చారా? ప్లగ్గు కాసేపు ఆపండి

సంపాదకుల వారికి,

రోహిణి కార్తె దగ్గరపడితే ఒంగోలు, కావలి వీధుల్లో ట్రాలీ ఆటోల మీద సెకండ్‌హ్యాండ్ ఫ్రిజ్‌లు వెల్లకిలా పడుకుని పోతుంటాయి. దింపిన పది నిమిషాలకే ప్లగ్గు పెట్టేస్తారు, సాయంత్రానికి చల్లటి నీళ్లు కావాలి గదా! కంప్రెసర్లు పోయేది అక్కడే.

కంప్రెసర్ అడుగున నూనె ఉంటుంది. పడుకోబెడితే అది పైపుల్లోకి పారుతుంది. నూనె అందక పిస్టన్ పట్టేస్తుంది, లేదంటే ఆ నూనె క్యాపిలరీ అనే గ్యాస్ పోయే సన్న గొట్టంలో చేరి కూలింగ్ రాదు. క్యాపిలరీ రంధ్రం మిల్లీమీటరు కన్నా సన్నం మరి. లోపల మోటారు కూర్చునేది స్ప్రింగుల మీద, గతుకులకు అవి జారినా కష్టమే. అందుకే నిలబెట్టి, తాడుతో బిగించి తేవాలి. తప్పకపోతే పక్కకు పడుకోబెట్టండి, వీపు మీద మాత్రం వద్దు, వెనక జాలీ పైపు నొక్కుకుపోతుంది. ఇంటికొచ్చాక కనీసం 4 గంటలు, దూరం నుంచి వస్తే రాత్రంతా నిలబెట్టి ఉంచాకే స్విచ్ వేయాలి.

ఎక్కించే ముందురోజే ఆపేసి ఐసు కరగనివ్వండి. కత్తితో పొడిస్తే ఫ్రీజర్ రేకుకు బొక్కపడి గ్యాస్ పోతుంది. వెనక స్టిక్కర్ మీద ఆర్600ఏ అని ఉంటే అది మండే గ్యాస్. ఉండేది 50 గ్రాములకు అటూ ఇటూనే గానీ, వంటగ్యాస్‌లా దీనికి వాసన కలపరు. పైపు విరిగి బుస్సుమంటే పొయ్యి, స్విచ్చుల జోలికి పోకుండా తలుపులు, కిటికీలు తెరవాలి.

గోడకు నాలుగు వేళ్ల ఎడం ఉంచండి. ముందు కాళ్లు కొంచెం ఎత్తు చేస్తే తలుపు దానంతట అదే మూసుకుంటుంది. తలుపు రబ్బరు మధ్య నోటు పెట్టి లాగితే ఊరికే వచ్చేస్తే రబ్బరు పోయినట్టే.

కరెంటు పోయి వెంటనే వస్తే కంప్రెసర్ గుర్రుమని మూలిగి టక్కుమని ఆగుతుంది. లోపల ఒత్తిడి సర్దుకోవడానికి ఐదు నిమిషాలు పడుతుంది, కాబట్టి టైమ్ డిలే ఉన్న, అంటే కరెంటు వచ్చాక కాసేపు ఆగి ఫ్రిజ్‌కు ఇచ్చే, స్టెబిలైజర్ పెట్టుకోండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. సాకెట్లో పట్టడం లేదని మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, విరిచేసేవాళ్లకు ఏం చెప్పాలో తెలియదు. మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి ఎర్త్ తీగ తుప్పుపట్టి తెగుతుంది. తలుపు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమందా, ప్లగ్గు తీసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

అమ్మే కొట్లవాళ్లకు ఒక్క మనవి: ఎన్ని గంటలకు పడుకోబెట్టారో, ఎప్పుడు ప్లగ్గు పెట్టొచ్చో తలుపు మీద ఓ కాగితం అంటించి పంపండి.

— ఫ్రిజ్ మెకానిక్‌లు, ఒంగోలు