షుగర్ బిళ్లలు వాడేవాళ్లకు బీ12 కూడా చూడాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

షుగర్ ఉన్నవాళ్లకు విటమిన్ బిళ్లలు రాసేముందు ఒక్క రక్తపరీక్ష చేయించే అలవాటు మన దగ్గర ఎందుకు లేదో నాకు అర్థం కావడం లేదు. మా అత్తగారు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ బిళ్ల వేసుకుంటున్నారు. రాత్రయితే అరికాళ్ల మంటలని తడిగుడ్డ చుట్టుకుని పడుకునేవారు, నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. అడిగితే "షుగర్ కదమ్మా, అంతే" అని బలానికేవో బిళ్లలు రాసిచ్చారు. వేరే డాక్టరు గారు చూసి బీ12 విటమిన్ పరీక్ష చేయిస్తే అది బాగా తక్కువుంది, ఇంజెక్షన్లు పడ్డాక మంటలు చాలావరకు తగ్గాయి.

మెట్‌ఫార్మిన్ చాలాకాలం వాడితే తిండిలోని బీ12 ఒంటికి సరిగా పట్టదు. ఈ లోపం తరచుగా కనిపించేదేనని, లక్షణాలుంటే పరీక్ష చేయాలని బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2022లోనే డాక్టర్లకు చెప్పింది. నీచు ముట్టని పెద్దవాళ్లకైతే ముప్పు ఇంకా ఎక్కువ. బీ12 తక్కువున్నవాళ్లు ఫోలిక్ యాసిడ్ అనే ఇంకో బీ విటమిన్ ఒక్కటే మింగితే రక్తం మెరుగుపడినట్టే కనిపిస్తుంది, నరాలు మాత్రం లోపల దెబ్బతింటూనే ఉంటాయి.

ఇంకో సంగతి, మూడు నెలల షుగర్ అని చేసే హెచ్‌బీఏ1సీ పరీక్షలో చూసేది ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్ అనే ప్రోటీన్‌కి ఎంత చక్కెర అంటుకుందో. ఆ కణాలు బతికేది సుమారు 120 రోజులు. బీ12 గానీ ఐరన్ గానీ తక్కువై కొత్త కణాలు సరిగా పుట్టకపోతే పాతవే ఎక్కువుండి అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు, మందు మొదలుపెట్టగానే కొత్త కణాలొచ్చి అదే అంకె దిగొచ్చు. అది చూసి విటమిన్‌తో షుగర్ తగ్గిందనుకుని అసలు బిళ్ల మానేస్తే ఎవరిది బాధ్యత?

డి విటమిన్ మీదా ఇలాంటి ఆశే. అమెరికాలో షుగర్ వచ్చే ముప్పున్న 2,423 మంది మీద చేసి 2019లో ప్రకటించిన పరిశోధనలో, రోజుకు 4,000 యూనిట్లు ఇచ్చినా షుగర్ రావడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. లోపముంటే వాడాల్సిందే, కానీ వారానికొకటని రాసిన 60 వేల యూనిట్లది రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలకే ముప్పు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మెట్‌ఫార్మిన్ ఉచితంగా ఇస్తున్నారు, సంతోషం. ఏళ్లుగా వాడేవాళ్లకు ఏడాదికోసారి బీ12, హిమోగ్లోబిన్ కూడా అక్కడే చూసే ఏర్పాటు నెల్లూరు, ప్రకాశం జిల్లాల వైద్యాధికారులు చేయాలి. కనీసం రక్తం అక్కడ తీసి నెల్లూరు, ఒంగోలు పెద్దాసుపత్రులకు పంపినా చాలు, పల్లెల్లో ముసలివాళ్లు దానికోసం బస్సులెక్కి తిరగక్కర్లేదు.

- ఒక పాఠకురాలు, కందుకూరు