కార్యదర్శి వార్షిక నివేదిక: స్పెల్ చెకర్ పని ఎంతవరకు వచ్చింది

సభ్యులందరికీ నమస్కారం.

తెలుగు స్పెల్ చెకర్ కోసం ఈ ఏడాది మనం ఒక్క లైను కోడ్ కూడా రాయలేదు. సమావేశంలో ఎవరో ఒకరు ఎలాగూ అడుగుతారు కాబట్టి నేనే ముందు చెప్పేస్తున్నాను. పాత ఫాంట్లలోని రాతను, అన్ని కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్‌కు మార్చే సాధనాన్ని అప్పట్లో ఆదరాబాదరాగా రాసి, ఒక్క ఫాంటుకే పనికొచ్చేలా బిగించేసి, చివరికి మొత్తం పారేశాం. స్పెల్ చెకర్‌కూ ఆ గతి పట్టకూడదని, ముందు కాగితం మీదే తేల్చుకుందామనుకున్నాం.

మూడు నమూనాలు పోటీకి నిలిచాయి. మొదటిది హన్‌స్పెల్ అనే తయారుగా ఉన్న స్పెల్ చెకర్: ఒక మాటల పట్టిక, మాటకు అతుక్కునే ప్రత్యయాల ఫైలు ఒకటి. లిబ్రే ఆఫీసు, ఫైర్‌ఫాక్సు వాడేది దాన్నే కాబట్టి జనానికి తొందరగా అందుతుంది. చిక్కల్లా మన మాటలతోనే. హన్‌స్పెల్ మాట చివర రెండు పొరల ప్రత్యయాలు విప్పగలదు. ‘ఇళ్ళలోంచేనట’ అంటే దానికి ఊపిరాడదు. పొరలన్నీ కలిపి ముందే రాసిపెట్టొచ్చు గానీ ఫైలు కొండంత అవుతుంది. రెండోది ఫైనైట్ స్టేట్ పద్ధతి: సంధి సూత్రాలనే నియమాలుగా రాయడం. మలయాళం వాళ్ళు ఈ దారిలో, మాటను ముక్కలుగా విప్పి చూపే పదవిశ్లేషకం చేసుకున్నారు. మనలో అది రాయగలిగేది ఇద్దరే. మూడోది తెలుగు వికీపీడియాలోంచి మాటలు ఏరి, ఎక్కువసార్లు కనిపించిందే ఒప్పనుకోవడం. దీని మీద నా అభిప్రాయం తెలిసిందే: పదిమంది చేసిన తప్పు ఒప్పైపోతుంది.

ఈ ఏడాదికి మనం గర్వంగా చెప్పుకోగలిగింది ఈ మూడింటినీ తేల్చడానికి పెట్టుకున్న ఆదివారం సభ. లాప్‌టాప్‌లు మూయించాం. ఎవరి నమూనాను వాళ్ళు కాక, ఎదుటివాళ్ళ నమూనాను సమర్థించాలన్నది షరతు. రిటైరైన తెలుగు మాస్టారు ఒకరు ‘వచ్చాడని’, ‘వెళ్ళాలనుకున్నాడట’ లాంటి మాటల కాగితం తెచ్చి అందరి ముందూ పెట్టారు. 1852 నాటి బ్రౌన్ నిఘంటువులోంచి మాటలు తీసుకోవచ్చు, కాపీరైటు బెడద లేదని మేం సంబరపడుతుంటే, అందులోని పాతకాలపు మాటల సంగతేమిటని అడిగిందీ ఆయనే. వాదిస్తూ వాదిస్తూ హన్‌స్పెల్ పక్షంవాళ్ళే దారి కనిపెట్టారు: నియమాలు రెండో పద్ధతిలో రాసి, తరచూ వాడే రూపాలను హన్‌స్పెల్ ఫైలుగా దించుకోవడం. కాదన్నవాటిని ఎందుకు కాదన్నామో కూడా రాసి ఉంచాం. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మార్పుల కోసం రాసే ప్రతిపాదన పత్రాల్లో తిరస్కరించిన ఆలోచనలకు విడిగా చోటుంటుంది. ఆ అలవాటు మనకూ వస్తే వచ్చే ఏడు ఇదే గొడవ మళ్ళీ మొదట్నుంచి పడక్కర్లేదు.

మాస్టారికి, హాలు ఉచితంగా ఇచ్చినవారికి, మధ్యాహ్నం పులిహోర పంపిన సభ్యురాలికి, కుర్చీలు మోసిన పిల్లలకు కృతజ్ఞతలు. జమాఖర్చులు కోశాధికారిగారి పట్టికలో ఉన్నాయి, చూసుకోగలరు.

ఇక ఒక మాట. సభకు వస్తామని వాట్సాప్‌లో బొటనవేలు ఎత్తినవాళ్ళలో సగం మంది వచ్చినా ఆ రోజు కుర్చీలు చాలేవి కావు. పదజాలం ఇస్తామన్న ఒక కార్యాలయం చుట్టూ ఏడాదంతా తిరిగాను. ఫైలు పైకి వెళ్ళిందన్నారు, ఇంకా దిగలేదు.

ఒప్పు మాటలు, తప్పు మాటలు కలిపిన పరీక్ష పట్టిక పూర్తయ్యేదాకా కోడ్ మొదలుపెట్టం. దాని ప్రతులు గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి. పెన్సిళ్ళు కూడా పెట్టాం, దిద్దండి.

కార్యదర్శి