కోర్టు తేదీ ఎగ్గొట్టమనే సలహాలు నమ్మొద్దు

సంపాదకులకు నమస్కారం.

మొన్న మా పక్కింటావిడ తెల్లారకముందే తలుపు కొట్టింది. చేతిలో ఫోను, అందులో అమెరికా నుంచి కొడుకు పంపిన కాగితం ఫొటో. 'సార్, ఇదేందో చదివి చెప్పండి' అంది. పైన 'నోటీస్ టు అప్పియర్' అని ఉంది, అంటే దేశం నుంచి పంపించేసే కేసులో కోర్టుకు రమ్మని పిలుపు. కింద ఇమ్మిగ్రేషన్ కోర్టు అడ్రసు, హాజరు కావాల్సిన తేదీ, టైము. అబ్బోడు చదువు మధ్యలో ఆపేశాడంట, స్టూడెంట్ స్టేటస్ పోయింది. అతన్ని పంపిన కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తే, 'కోర్టుకు పోతే అక్కడే పట్టుకుంటారు, రూము మార్చేసి గమ్మున ఉండమనండి' అన్నారంట.

కోర్టుల దగ్గర పట్టుకుంటున్న మాట నిజమే. ఆ భయం ఉంటే ముందే లాయరుతో మాట్లాడుకోవాలి గానీ తేదీ ఎగ్గొట్టకూడదు. పోకపోతే జడ్జి ఆ మనిషి లేకుండానే పంపించేయమని ఆర్డరు వేయొచ్చు. ఆ తర్వాత 10 ఏళ్లు చాలా ఊరటలు అడిగే వీలుండదు. రూము మారితే 5 రోజుల్లో కొత్త అడ్రసు కోర్టుకు ఇవ్వాలి, లేకుంటే తర్వాతి నోటీసు పాత గదికే పోతుంది.

కోర్టుకు పోతే మాత్రం అడగడానికి కొన్ని దారులున్నాయి. అమెరికా పౌరురాలిని నిజంగా పెళ్లి చేసుకున్నవాడు, వీసాతో సక్రమంగా దిగినవాడైతే, గడువు దాటినా గ్రీన్ కార్డుకు అప్లై చేయొచ్చు. 10 ఏళ్లు అక్కడే ఉండి, తనను పంపేస్తే పౌరులైన భార్యకో పిల్లలకో మామూలు కంటే చాలా ఎక్కువ కష్టం వస్తుందని చూపించగలిగితే పంపించేయడాన్ని రద్దు చేయమని కోరొచ్చు, అది దొరకడం కష్టమే. ప్రాణభయం ఉన్నవాళ్లకు ఆశ్రయం ఉంది, మామూలుగా అమెరికా చేరిన ఏడాదిలోపే అడగాలి. ఇక్కడే మన ఏజెంట్లు కథలు అల్లి ఇస్తారు. తెలిసి అబద్ధం రాసినట్టు తేలితే ఇమ్మిగ్రేషన్ ప్రయోజనాలన్నీ జీవితాంతం పోయినట్టే.

ఏదీ కుదరకపోతే జడ్జిని అడిగి తనంతట తాను వచ్చేయొచ్చు. కేసు మొదట్లో అడిగితే 120 రోజుల దాకా, చివర్లో అడిగితే 60 రోజుల దాకా గడువిస్తారు. ఆ గడువులోపు వచ్చేస్తే డిపోర్టేషన్ ముద్ర పడదు. పరువు పోతుందని మనవాళ్లు దీన్ని దాచిపెడతారు గానీ, 2025 ఫిబ్రవరిలో అమృత్‌సర్‌లో మిలటరీ విమానం దిగిన 104 మంది సంకెళ్లు టీవీలో చూశాం కదా, దానికంటే ఇది ఎంతో నయం.

ఆ కోర్టులో ప్రభుత్వం లాయరును పెట్టదు, మనమే పెట్టుకోవాలి. డబ్బు లేనివాళ్ల కోసం ఉచితంగా సాయం చేసేవాళ్ల లిస్టు కోర్టే ఇస్తుంది. ఇది మన తిరుపతిలో ఎంతమందికి తెలుసు? ఎయిర్ బైపాస్ రోడ్డులో వీసా బోర్డులు లెక్కలేనన్ని. పంపేటప్పుడు స్వీట్లు పంచి, నోటీసు వచ్చాక ఫోనెత్తరు. అమెరికాలో 2011లో ట్రై వ్యాలీ, 2019లో ఫార్మింగ్టన్ అనే దొంగ యూనివర్సిటీల గొడవలో మన పిల్లలు ఎంత నలిగారో మరిచిపోయినట్టున్నాం.

నాదొక విన్నపం. చిత్తూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నెలకోసారి తిరుపతిలో ఒక పూట కూర్చుని, ఇలాంటి కాగితాలు చదివి తేదీ, అడ్రసు ఏవో తల్లిదండ్రులకు తెలుగులో చెబితే చాలు. అమెరికా కేసు వాదించమని అడగడం లేదు. పక్కింటావిడ ఆ రోజు నా దగ్గరికి రావడానికి ముందు ముగ్గురికి ఆ ఫొటో చూపించిందంట. ముగ్గురూ కన్సల్టెన్సీనే అడగమన్నారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
కొర్లగుంట, తిరుపతి