టీకా రోజు కూడా ప్రకటనల్లో చదవండి, అయ్యగారూ

సంపాదకులు గారికి నమస్కారం.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్లో టీకాలు వేసే ప్రభుత్వ నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని, లూథరన్ సంఘంలో పుట్టి పెరిగినదాన్ని. ఈ రెండూ ముందే ఎందుకు చెబుతున్నానంటే, కిందటి నెల మా వీధిలో జరిగిన సంగతికి ఈ రెంటితోనూ పని ఉంది.

పక్కింటి అమ్మాయి కొడుక్కి పది నెలలు దాటినా తట్టు, రుబెల్లాకి వేసే ఎంఆర్ టీకా వేయించలేదు. ఆశా కార్యకర్త పిలిచినప్పుడల్లా తలుపేసుకుంటోందని తెలిసి నేనే వెళ్లాను. "అది కుడిచేతికి వేస్తారంట కదా పిన్నీ. ప్రకటన గ్రంథంలో ఉన్న ముద్ర అదేనంట" అంది. బైబిలు చివరి పుస్తకమైన ఆ గ్రంథంలో కుడిచేతి మీదో నొసటి మీదో వేసే మృగం ముద్ర మాట ఉంది. ఎవరన్నారంటే "అయ్యగారే" అంది, అంటే మా సంఘం పాస్టరు. సాయంత్రం అయ్యగారి దగ్గరికి వెళ్తే ఆయన నొచ్చుకున్నారు. "నేనెందుకు వద్దంటానమ్మా, మా పిల్లలకి అన్నీ వేయించానే" అన్నారు. మరి వేయించమని సంఘంలో ఎప్పుడైనా చెప్పారా అని అడిగాను. కాసేపాగి, "అది ఆస్పత్రివాళ్ల పని కదా అని ఊరుకున్నాను" అన్నారు. ఆరా తీస్తే ఆ మాట ఫోన్లో తిరుగుతున్న వీడియోది. ఎవరో అమెరికా ప్రసంగీకుడు ఇంగ్లీషులో అన్నదానికి మరెవరో తెలుగు గొంతు తగిలించారు. బైబిలు మాట కాబట్టి అయ్యగారే చెప్పి ఉంటారని ఆ పిల్ల మనసులో పడిపోయింది.

అయ్యగారు ఊరుకున్నారే, ఆ ఊరుకోవడం గురించే ఈ ఉత్తరం.

కుడిచేయి సంగతి మాత్రం నిజమే. ఎంఆర్ కుడి భుజానికే వేస్తాం, జాతీయ టీకాల పట్టికలో అలాగే ఉంది. ఎడమ భుజానికి పుట్టగానే క్షయకి వేసే బీసీజీ పడుతుంది. ఇందులో ఇంతకుమించి మర్మం ఏమీ లేదు. ప్రకటన గ్రంథం 13వ అధ్యాయంలో ముద్ర లేనివాడు కొననూ లేడు, అమ్మనూ లేడు, ఆ ముద్ర మృగానికి మొక్కినవాళ్లది. పసివాడికి తట్టు రాకుండా వేసిన సూదికీ దానికీ ముడి ఎలా పడిందో నా బుర్రకి అందదు.

2021లో కరోనా రెండో విడతప్పుడు మా వాళ్ల గుమ్మాల మీద 91వ కీర్తన కనిపించేది. ఏ తెగులూ నీ గుడారం దగ్గరికి రాదనే మాట అందరికీ నోటికొచ్చు. నాకూ ఇష్టమైన కీర్తనే, రాత్రి డ్యూటీల్లో దాన్ని చదువుకునే ధైర్యం తెచ్చుకునేదాన్ని. అయితే టీకా ఎందుకని వాదించేవాళ్లకి నేనొకటి గుర్తు చేసేదాన్ని. సువార్తల్లో ఆ కీర్తన ఎత్తి చూపింది సాతాను. దేవాలయ శిఖరం మీద యేసుని నిలబెట్టి, దూకు, దూతలు నిన్ను చేతులమీద ఎత్తుకుంటారని రాసి ఉంది కదా అన్నాడు. అవి ఆ కీర్తనలోని 11, 12 వచనాలే. నీ దేవుణ్ణి శోధించవద్దని కూడా రాసి ఉందని ప్రభువు అన్నాడే గానీ దూకలేదు. మెట్లున్నప్పుడు మెట్లు దిగడం అవిశ్వాసం కాదు కదా.

ప్రార్థన వల్ల స్వస్థత జరగదని నేననడం లేదు. మా ఇంట్లోనే చూశాను. కానీ మందిరంలో స్వస్థత గురించి సాక్ష్యం చెప్పేటప్పుడు గమనించండి, చేయి వేసి ప్రార్థించినవారి పేరు వస్తుంది, ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ పేరు రాదు, వారం రోజులు సెలైన్ మార్చిన నర్సు అసలే రాదు! సువార్త రాసిన లూకా వైద్యుడని కొలొస్సయులకు రాసిన పత్రికలో పౌలే చెప్పాడు. తన శిష్యుడు తిమోతి కడుపు జబ్బుకి ప్రార్థించుకో అని వదిలెయ్యకుండా కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు.

1721లో అమెరికాలోని బోస్టన్‌లో మశూచి ప్రబలింది. అప్పటికి జెన్నర్ టీకా లేదు, అది 1796 నాటి మాట. కాటన్ మాథర్ అనే పాస్టరు ఇంట్లో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిస ఒకడుండేవాడు. మశూచి పొక్కులోని రసిని కొద్దిగా చర్మంలో పెడితే పెద్ద జబ్బు రాదని, తమ దేశంలో తనకలాగే చేశారని అతనే మాథర్‌కి చెప్పాడు. మాథర్ మాట విని ఒక వైద్యుడు ముందు తన కొడుక్కే ఆ పని చేశాడు. ఊరు ఊరంతా తిరగబడింది, మాథర్ ఇంట్లోకి బాంబు విసిరారు. ఆయన అన్నింటా మంచివాడని కాదు, మంత్రగత్తెలని ఉరితీసిన వ్యవహారాన్ని వెనకేసుకొచ్చిన మచ్చ ఉంది. కానీ ఈ విషయంలో సంఘకాపరి ముందు నడిచాడు, వైద్యుల్లో పేరున్నవాళ్లు అడ్డం పడ్డారు. మాథర్ ఆ బానిసకి పెట్టిన పేరు ఒనేసిము. బైబిలులో పౌలు రాసిన ఫిలేమోను పత్రికలోని దాసుడి పేరే అది.

అంత దూరమెందుకు? 1883లో అమెరికా లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్, 1898లో ఆడవాళ్లకీ పిల్లలకీ ఆస్పత్రి తెరిచారు. పురుడు పోసుకోవడానికి మగ డాక్టరు దగ్గరికి పోని రోజులవి. ఇప్పుడు పసిపిల్లలకి వేస్తున్న రోటావైరస్ చుక్కల మందు హైదరాబాద్‌లో తయారైంది, దాని పరీక్షలు జరిగిన చోట్లలో వెల్లూరులోని క్రైస్తవ మిషన్ ఆస్పత్రి సీఎంసీ ఒకటి. 2016లో దాన్ని ప్రభుత్వ టీకాల్లో ముందుగా చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఉంది. విశ్వాసానికీ సూదికీ పడదనేవాళ్లు ఈ ఆస్పత్రులు ఎవరు కట్టారనుకుంటున్నారో!

కొందరు చదువుకున్నవాళ్లు ఇంకో ప్రశ్న వేస్తారు. రుబెల్లా టీకాకి గర్భస్రావమైన పిండం కణాలు వాడతారట కదా అని. ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. 1960లలో వేరే కారణాలతో జరిగిన గర్భస్రావాల నుంచి తీసిన కణాలని ల్యాబుల్లో పెంచుతూ వస్తున్నారు, కొత్తగా ఏ పిండమూ అక్కరలేదు. కరోనా టీకాల మీద ఇదే సందేహం వస్తే, వేరే దారి లేనప్పుడు అవి వేయించుకోవడం తప్పు కాదని 2020 డిసెంబరులో వాటికన్ చెప్పింది. పైగా గర్భిణికి రుబెల్లా సోకితే కడుపు పోవచ్చు, బిడ్డ చెవుడుతోనో గుండె జబ్బుతోనో పుట్టవచ్చు. కడుపులో బిడ్డ ప్రాణం విలువ తెలిసినవాళ్లే ఈ టీకాని ముందు అడగాలి.

తట్టుని చిన్నచూపు చూడకండి. టీకా లేనివాళ్ల మధ్య ఒక్కరికి వస్తే పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి అంటించగలదు. 2025లో టెక్సాస్‌లోని గెయిన్స్ కౌంటీలో, టీకాలు అంతగా వేయించుకోని మెనోనైట్ క్రైస్తవుల మధ్య అది మొదలై రాష్ట్రంలో 760 మందికి పైగా సోకింది. బడి ఈడు పిల్లలిద్దరు చనిపోయారు, ఇద్దరికీ టీకా లేదు. టీకా వద్దని మెనోనైట్ సిద్ధాంతంలో ఎక్కడా లేదు.

మా శాఖవాళ్లకీ ఒక మాట. జనం అనుమానమంతా మూఢత్వం కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన హాస్టళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు తల్లిదండ్రులని అడగకుండా వార్డెన్ల చేత సంతకాలు పెట్టించారు. తర్వాత జరిగిన మరణాలకి టీకా కారణం కాదని విచారణలో తేలినా, ఆ సంతకాల తీరుని 2013లో పార్లమెంటు సంఘం గట్టిగా తప్పుపట్టింది. అడిగితే విసుక్కునే నర్సు దగ్గరికి ఏ తల్లి వస్తుంది? నేనూ విసుక్కున్న రోజులున్నాయి.

పల్స్ పోలియో ఎప్పుడూ ఆదివారమే వచ్చేది. మేము చుక్కల డబ్బా పట్టుకుని మందిరం ముందు బల్ల వేసుకునేవాళ్లం. అప్పటి మా పెద్దయ్యగారు ఆశీర్వాదం ముగియగానే గుమ్మం దగ్గర నిలబడి, చుక్కలు పడని పిల్లని బయటికి పోనిచ్చేవారు కాదు. ఉత్తరప్రదేశ్‌లో ఇమాములు చుక్కలు వేయించమని మసీదు మైకుల్లో చెప్పారు. 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో వచ్చిందే మన దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు.

కాబట్టి పాస్టర్ల ఫెలోషిప్పులకి నా మనవి ఒక్కటే. ఆదివారం ప్రకటనల్లో ఉపవాస ప్రార్థన, స్త్రీల సమాజం, పెళ్లి ప్రకటనలు చదువుతారు కదా, వాటి కింద ఆ వారం టీకా ఏ రోజో, ఏ అంగన్‌వాడీలోనో ఒక్క వాక్యం కలపండి. మండల వైద్యాధికారులు ఆ కాగితం శనివారానికే మందిరానికి పంపాలి.

పక్కింటి అమ్మాయి వచ్చే బుధవారం తీసుకెళ్తానంది, నేనూ తోడు వెళ్తున్నాను. అయ్యగారు ఆలోచిస్తానన్నారు. రెండు ఆదివారాలు గడిచాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఏఎన్‌ఎం,
గుంటూరు జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)