గడువు తీరిన వెబ్ చిరునామాల గురించి రిజిస్ట్రార్ గారికి బహిరంగ లేఖ

అనంతపురం

గౌరవనీయులైన రిజిస్ట్రార్ గారికి,

నమస్కారం. ఈ విషయం మీ కార్యాలయానికి ఇదివరకే రాతపూర్వకంగా తెలిపాను. జవాబు రాలేదు కాబట్టి అందరి ముందూ అడుగుతున్నాను.

మన విశ్వవిద్యాలయంలో కొన్ని విభాగాలు సొంతంగా డాట్ కామ్ పేర్లు కొనుక్కున్నాయి. కొన్న అధ్యాపకులు రిటైరయ్యారు. రెన్యువల్ నోటీసులు వాళ్ల పాత మెయిళ్లకే వెళ్లాయి. గడువు దాటి వదిలేసిన డొమైన్‌ను, అంటే వెబ్ చిరునామా పేరును, ఎవరైనా కొనుక్కోవచ్చు. అలా పోయిన ఒక చిరునామా మా సర్టిఫికెట్ల మీద వెరిఫికేషన్ కోసం అచ్చయి ఉంది. ఇప్పుడు అది తెరిస్తే బెట్టింగ్ ప్రకటనలు వస్తున్నాయి.

కళ్యాణదుర్గం దగ్గరి ఒక వేరుశనగ రైతు కూతురు, నా జూనియర్, బెంగళూరులో ఉద్యోగానికి ఎంపికైంది. కంపెనీ వాళ్లు ఆ లింకు చూసి సర్టిఫికెట్ నకిలీదేమోనన్నారు. చేరే తేదీ వాయిదా పడింది. ఆ ఇంట్లో ఎంత టెన్షన్ పడుతున్నారో స్వయంగా చూశాను. ఆ అమ్మాయి కష్టపడి చదివింది. ఆ మాట ధ్రువీకరించాల్సింది మీరే కదా సార్.

ఏసీ డాట్ ఇన్‌తో ముగిసే పేర్లను కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎర్నెట్ ఇండియా అర్హత ఉన్న విద్యాసంస్థలకే ఇస్తుంది. మనకున్న ఆ పేరు కిందే ప్రతి విభాగానికీ సబ్‌డొమైన్, అంటే ఉప చిరునామా, ఇవ్వవచ్చు. ఒక్కోదానికీ విడిగా రిజిస్ట్రేషన్ రుసుము ఉండదు.

దయచేసి అన్ని డొమైన్లకూ ఒక పట్టిక రాయించి, ఒక అధికారికి అప్పగించండి. రెన్యువల్ మెయిళ్లు వ్యక్తికి కాకుండా ఆ పదవి మెయిల్‌కు వెళ్లాలి. ఇంకా మన చేతిలో ఉన్న పాత పేర్లను వదలకండి. పాడైన లింకు ఉన్న సర్టిఫికెట్లకు ధ్రువీకరణ లేఖలు ఈ నెలాఖరులోగా ఇప్పించండి.

ఇట్లు,
ఒక పూర్వ విద్యార్థి