ముందు పోటు పట్టిక, తర్వాతే టికెట్లు

చిరంజీవి సింధుకు,

నాన్న ఆశీస్సులు. ఫ్రాన్సు వాయవ్య తీరం చూడ్డానికి నువ్వు పంపిన ప్లాను చూశాను. శనివారం పొద్దున రెన్‌లో రైలెక్కి సెయింట్ మాలో, అదే సాయంత్రం మాంట్ సెయింట్ మిషెల్, ఆదివారం లోరియాఁ. మ్యాపులో మూడూ పక్కపక్కనే కనిపిస్తాయి గానీ రెండు రోజుల్లో అయ్యే పని కాదు. ఒకటి తీసెయ్, లేదా వేర్వేరు వారాంతాల్లో వెళ్లు. అంతకన్నా పెద్ద లోపం ఇంకొకటుంది. రైలు టైములన్నీ రాశావు, సముద్రం టైము ఒక్కటీ రాయలేదు. ఆ తీరంలో ఏ చోటికి ఏ గంటకి వెళ్లాలో చెప్పేది సముద్రమే.

మన కాకినాడ దగ్గర ఆటుకీ పోటుకీ తేడా ఒకటిన్నర మీటరు లోపే. అందుకే జాలర్లకు తప్ప మనలో ఎవరికీ ఆ లెక్క పట్టదు. సెయింట్ మాలోలో పెద్ద పోటు రోజుల్లో ఆ తేడా 12 మీటర్లు దాటుతుంది. అంటే నాలుగంతస్తుల మేడంత నీరు రోజుకు రెండుసార్లు ఎక్కి దిగుతుంది. అట్లాంటిక్ నుంచి ఇంగ్లిష్ చానల్లోకి వచ్చే పోటుకు కొటాంటాఁ ద్వీపకల్పం అడ్డం పడుతుంది. నీరు ఆ మూలలో ఇరుక్కుని పైకి లేస్తుంది.

పోటు పట్టిక చిన్న పుస్తకంగా టూరిస్టు ఆఫీసులో దొరుకుతుంది. ఫ్రెంచి నౌకాదళపు జలసర్వే సంస్థ షోమ్ సైటులోనూ ఉంటుంది. అందులో పి.ఎం. అని ఉంటే మధ్యాహ్నం అనుకోకు. అది ప్లెన్ మెర్, అంటే నిండు పోటు. బి.ఎం. అంటే బాస్ మెర్, పూర్తి ఆటు. గంటలు 24 లెక్కలో ఉంటాయి. కొన్ని పట్టికల్లో వేసవి గంట (వేసవిలో గడియారాలు ముందుకు జరిపే గంట) కలిపి ఉండదు, పైన రాసిన చిన్న అక్షరాలు చదివి అవసరమైతే ఒక గంట కలుపుకో. ఈ గంట తేడాతోనే చాలామంది ఆటులో నడిచి వెళ్లే దీవుల మీద చిక్కుకుంటారు.

పక్కనే కోఎఫిషియెంట్ అని, పోటు ఎంత పెద్దదో చెప్పే ఒక అంకె ఉంటుంది, 20 నుంచి 120 దాకా. 70 మామూలు రోజు, 95 దాటితే పెద్ద పోటు, 110 పైన చాలా పెద్దది. అమావాస్య, పౌర్ణమి అయిన ఒకటి రెండు రోజులకు ఇది గరిష్ఠానికి చేరుతుంది. మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు దగ్గర ఇంకా పెద్దది. సెయింట్ మాలోకి ఇంకో గుణం ఉంది. పెద్ద పోటు రోజుల్లో నిండు పోటు పొద్దున, సాయంత్రం వేళల్లో వస్తుంది, ఆటు మధ్యాహ్నం పడుతుంది. చిన్న పోటు రోజుల్లో తిరగబడి, పోటు మధ్యాహ్నానికి వస్తుంది. కాబట్టి దీవులకు నడిచి వెళ్లాలన్నా, సాయంత్రం అలలు గోడకు కొట్టడం చూడాలన్నా 95 పైన ఉన్న రోజే ఎంచుకో. రెండూ ఒక్క రోజులో అయిపోతాయి.

నీరు ఒకే వేగంతో ఎక్కదు. ఆటు నుంచి పోటుకు సుమారు ఆరు గంటలు. మొత్తం ఎత్తులో మొదటి గంటలో పన్నెండో వంతు, రెండో గంటలో రెండు వంతులు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి వంతులు, తర్వాత రెండు, చివరికి ఒకటి. 12 మీటర్ల రోజైతే లెక్క సులువు. మొదటి గంటలో ఒక్క మీటరే పెరుగుతుంది, చూసేవాళ్లకు కదలనట్టే ఉంటుంది. మూడో గంటలో మూడు మీటర్లు. 'ఇంకా టైముంది కదా' అని కూర్చున్నవాళ్లను ముంచేది ఆ మూడో గంటే.

సెయింట్ మాలో స్టేషన్ నుంచి కోట లోపలి ఊరికి నడిస్తే ఇరవై నిమిషాలు. ఆ గోడలోపలి భాగాన్ని అక్కడ ఆంత్రా మ్యూరోస్ అంటారు. కోటగోడ మీద చుట్టూ తిరిగితే రెండు కిలోమీటర్ల లోపు, టికెట్ లేదు. లోపలి ఊళ్లో 1944 ఆగస్టులో చాలా భాగం కాలి కూలిపోయింది. ఇప్పుడు కనిపించే గ్రానైటు మేడల్లో ఎక్కువ భాగం యుద్ధం తర్వాత పాత రూపంలో మళ్లీ కట్టినవే. గోడలు మాత్రం చాలావరకు పాతవి. 1534లో కెనడా దాకా వెళ్లిన జాక్ కార్తియే సమాధి కేథడ్రల్‌లో ఉంది. గోడ మీద సర్కూఫ్ విగ్రహం చూస్తావు. 1800లో మన బంగాళాఖాతంలో ఇంగ్లిషువాళ్ల కెంట్ అనే ఓడను పట్టుకున్నది ఇతనే. 1746లో మద్రాసును గెలిచి, డూప్లేతో గొడవపడి చివరికి బాస్తీయ్ జైలుకెళ్లిన లా బోర్దొనే కూడా ఈ ఊళ్లోనే 1699లో పుట్టాడు. మన పాఠాల్లో డూప్లే ఒక్కడే కనిపిస్తాడు గానీ, ఓడలు తెచ్చింది ఇతను.

గోడకు పడమర గ్రాన్ బే, పెటి బే అని రెండు దీవులు. గ్రాన్ బే మీద రచయిత షాతోబ్రియాఁ సమాధి ఉంది. గోడకు ఈశాన్యాన ఫోర్ నాస్యొనాల్, 1689లో కోటల ఇంజినీరు వోబాఁ పథకం ప్రకారం కట్టిన కోట. అది తెరిచి ఉన్నప్పుడు జెండా ఎగరేస్తారు, జెండా లేకపోతే అంతదూరం నడవకు. ఆటు సమయానికి గంటన్నర ముందు బయల్దేరి, ఆటు అయిన గంటన్నరకల్లా ఒడ్డున ఉండు. కోఎఫిషియెంట్ చిన్నదైతే బాట తేలేది ఇంకా తక్కువసేపు. బాట రాళ్ల మీద నాచు ఉంటుంది, చెప్పులు పనికిరావు, అడుగు పట్టే బూట్లు కావాలి. ఒకవేళ చిక్కుకుపోతే మోకాటి లోతే కదా అని నీళ్లలో దిగొద్దు, ఆ బాట మీద ప్రవాహం పక్కకు లాగేస్తుంది. దీవి పైకెక్కి కూర్చుని, నీరు దిగేదాకా ఆగు. విసుగే తప్ప ప్రమాదం లేదు. నిజంగా ఆపద అయితే సముద్ర రక్షణకు 196, మామూలుగా 112.

సాయంత్రం పోటుకు సియోఁ బీచి దగ్గర అలలు చూడు. అక్కడ ఓక్ దుంగలు వరసలుగా పాతి ఉంటాయి, అలల ఊపు విరగ్గొట్టడానికి. పడమటి గాలి కలిసిన పెద్ద పోటు రోజున అలలు రోడ్డు మీదకు లేస్తాయి. అప్పుడు గోడ అంచు దగ్గర సెల్ఫీలు వద్దు, రోడ్డుకు అవతలివైపు నిలబడు. గొడుగు పట్టుకెళ్లకు, గాలికి తిరగబడుతుంది. తలకు టోపీ ఉన్న వానకోటు చాలు, జులైలో కూడా.

భోజనానికి గాలెట్ తిను. అది బక్‌వీట్ పిండితో వేసే ఉప్పటి అట్టు. గోధుమపిండితో తీపిగా వేసేది క్రెప్. గాలెట్ కొంప్లెత్‌లో గుడ్డు, చీజు, పంది మాంసం ఉంటాయి. నీ స్నేహితురాలు శాకాహారి అన్నావు కదా. 'సాఁ జాంబోఁ' అంటే మాంసం తీసేస్తారు గానీ, కొన్నిచోట్ల పెనానికి పందికొవ్వు రాస్తారు, ముందే అడగమను. మధ్యాహ్న భోజనం పన్నెండు నుంచి రెండు దాకానే, దాటితే చాలా వంటిళ్లు మూసేస్తారు, రాత్రి ఏడు దాకా తెరవరు. బయట నిలబడి తింటే సముద్రపు కాకుల మీద కన్నేసి ఉంచు, చేతిలోది తన్నుకుపోవడం వాటికి అలవాటే.

మాంట్ సెయింట్ మిషెల్‌ను సెయింట్ మాలో నుంచి కలపకు, బస్సులు సరిగ్గా కుదరవు. రెన్ స్టేషన్ పక్కనుంచి నేరుగా బస్సుంది, గంటా పది నిమిషాలు. రోజుకు కొన్నే వెళ్తాయి కాబట్టి తిరుగు టైము ముందే చూసుకో. దించిన చోటి నుంచి పాత క్రైస్తవ మఠం ఉన్న కొండ రెండున్నర కిలోమీటర్లు. ఉచిత షటిల్ ఉంది. కాళ్లలో సత్తువ ఉంటే నడువు, 2014లో తెరిచిన కొత్త వంతెన మీద నుంచి వచ్చే దృశ్యం షటిల్ కిటికీలోంచి రాదు. పాత కట్టరోడ్డు నీటికి అడ్డుపడి ఇసుక మేటలు వేయించింది. అందుకే దాన్ని తీసేసి, కింద నీరు పారేలా ఈ వంతెన వేశారు. కూఎనోఁ నది మీద గేట్ల ఆనకట్ట కూడా ఆ పథకంలోదే. పోటు నీటిని నిలిపి, ఆటులో వదిలి, ఇసుకను సముద్రంలోకి తోస్తుంది.

పదకొండు నుంచి నాలుగు దాకా కొండ మీదున్న ఆ ఒక్క వీధీ తిరునాళ్లలా ఉంటుంది. అబ్బేలోకి, అంటే ఆ మఠంలోకి, పొద్దున తెరవగానే, లేదా మూసే ముందు రెండు గంటలకు వెళ్లు. చివరి ప్రవేశం మూసేందుకు గంట ముందే ఆగిపోతుంది. మెట్లు మూడు వందల యాభై దాకా ఉంటాయి, పెద్ద సామాను లోపలికి రానివ్వరు. నీకు 26 నిండలేదు, ఫ్రాన్సులో చదువుతున్నావు కాబట్టి ప్రవేశం ఉచితం. కానీ విద్యార్థి కార్డు చూపిస్తే చాలదు, నివాస అనుమతి కాగితం చూపించాలి. జనవరి 1, మే 1, డిసెంబరు 25న తెరవరు. నీరు ఇసుక మీద పరిగెత్తుకొచ్చేది చూడాలంటే నిండు పోటుకు రెండు గంటల ముందే గోడ మీద ఉండు. 110 దాటిన రోజున కాసేపు వంతెన చివర, కొండ దగ్గరి భాగం కూడా మునిగి, కొండ నిజంగా దీవి అవుతుంది. ఇసుక మీద నడవాలనుంటే గైడుతోనే. ఊబి, పొగమంచు, వెనకనుంచి చుట్టుముట్టే పాయలు, ఈ మూడూ ఫోనులో మ్యాపుకు తెలియవు.

లోరియాఁ మాత్రం వదలొద్దు. చాలామంది టూరిస్టులు వెళ్లరు, ఊరు చూడ్డానికీ అంత అందంగా ఉండదు, 1943 బాంబుదాడుల్లో నేలమట్టమైంది. నువ్వు చూడాల్సింది ఎదురు ఒడ్డున పోర్ లూయీ కోటలోని ఈస్టిండియా కంపెనీ మ్యూజియం. పద్నాలుగో లూయీ రాజు మంత్రి కొల్బేర్ 1664లో పెట్టించిన ఫ్రెంచి కంపెనీ రెండేళ్లకే ఇక్కడ ఓడల కార్ఖానా తెరిచింది. 1669లో గోల్కొండ సుల్తాను ఫర్మానాతో మచిలీపట్నంలో వర్తక కోఠీ పెట్టింది కూడా వీళ్లే. యానాం తర్వాతి కథ. మ్యూజియంలో కోరమాండల్ తీరపు నూలు బట్టలుంటాయి. రంగు పోతుందని దీపాలు మసకగా పెడతారు, కళ్లు అలవాటు పడేదాకా కొంచెంసేపు నిలబడు. గీత మందం మారుతూ ఉంటే కలంతో గీసినట్టు, ఒకే పువ్వు తేడా లేకుండా మళ్లీ మళ్లీ వస్తే అచ్చు వేసినట్టు. ఎర్రరంగు చిరివేరుది, పటిక పట్టించి ఉడికిస్తే ఎన్ని ఉతుకులకూ పోదు. అప్పట్లో యూరపు రంగరులకు ఈ పని రాదు. ఆ బట్టల మోజుకు తమ పట్టు, ఉన్ని నేతవాళ్లు దెబ్బతింటున్నారని ఫ్రెంచి ప్రభుత్వం 1686లో వాటిని నిషేధించి, 1759 దాకా ఎత్తెయ్యలేదు. ఓడ నమూనాల దగ్గర బానిసల వ్యాపారం గురించి ఉన్న భాగాన్ని కూడా దాటెయ్యకు. ఆ లాభాల్లో అదీ ఉంది.

లోరియాఁ నుంచి పోర్ లూయీకి సిటీ బస్సు టికెట్టుతోనే పడవ ఎక్కొచ్చు. ఆదివారం పడవలు తక్కువ, తిరుగు పడవ టైము ఫొటో తీసుకో. మే నుంచి ఆగస్టు దాకా మ్యూజియం రోజూ ఉంటుంది. మిగతా నెలల్లో మధ్యాహ్నం పూటే, మంగళవారం సెలవు, చలికాలం నడుమ కొన్ని వారాలు పూర్తిగా మూత. ఆగస్టులో కెల్టిక్ సంగీతోత్సవం జరిగే రోజుల్లో లోరియాఁలో గది దొరకదు. అలాగే సెయింట్ మాలోలో నాలుగేళ్లకోసారి నవంబరులో రూట్ దు రమ్ పడవపందెం మొదలవుతుంది. 2022లో జరిగింది, తర్వాతది 2026.

టీజీవీ అనే వేగపు రైలు టికెట్ ఎంత ముందు కొంటే అంత చవక. రెన్ నుంచి సెయింట్ మాలోకి వెళ్లే ప్రాంతీయ రైలుకు ఆ తొందర లేదు. ఆదివారం సాయంత్రం రైళ్లు విద్యార్థులతో నిండిపోతాయి, లోరియాఁ నుంచి తిరుగు టికెట్ మాత్రం వెంటనే తీసుకో. తేదీలు అనుకున్నాక రాయి, ఆ వారం కోఎఫిషియెంట్లు చూసి ఏ రోజు ఎటో సర్దుదాం.

ఇట్లు,
నాన్న